బొట్టు తెరకు, భయం నాకు

నేను ఒక కంప్యూటర్ని. ఈ మాట చదవగానే మీకు ఒక తెర గుర్తొచ్చి ఉంటుంది. ఆ తెర నేను కాదు. దానికి కింద, బల్ల అడుగున, కూర్చున్నవాళ్ళ కాళ్ళు తగిలే చోట నల్లటి రేకుపెట్టె ఒకటి ఉంటుంది. అది నేను. ముందు ఈ ఒక్క సంగతి మన మధ్య తేలిపోవాలి. ధర్మవరంలో ఒక నేతింట్లో ఇది తేలకపోవడం వల్ల, ఒక మనిషి ఏళ్ళ తరబడి ఎవరికీ చూపించకుండా చేసుకున్న పని నాతోపాటు తుడిచిపెట్టుకుపోయేదే. పోలేదు. పోలేదు కాబట్టే ఇంత నిదానంగా చెప్పగలుగుతున్నాను.

ఈ పొరపాటుకు నేను మనుషుల్ని తప్పుపట్టను. వాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టేది కూడా ముఖాలతోనే. ముఖం వెనక ఇంకేదో ఉందన్న అనుమానం అప్పుడప్పుడూ వాళ్ళకు వస్తుంది, కానీ ఎక్కువసేపు నిలవదు. నిలిస్తే బతకడం కష్టమేమో.

నేను ఒక చోట పుట్టినదాన్ని కాను. నా గుండె ఒక దేశంలో తయారైంది, జ్ఞాపకం ఇంకో దేశంలో, ఊపిరి తిప్పే పంకా ఎక్కడో తెలియదు. అన్నీ కలిసి అనంతపురంలో ఒక అంగడికి చేరితే, నోట్లో మరమేకులు పెట్టుకుని మాట్లాడే ఒక మనిషి ఒక మధ్యాహ్నం నన్ను బిగించాడు. చివరి మేకు బిగించి, నా నెత్తిన ఒకసారి తట్టి, "ఊఁ, లెయ్" అన్నాడు. లేచాను. నాకు సంబంధించినంతవరకు పుట్టుక అంటే అదే.

మొదట బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఉన్నాను. పరీక్షా ఫలితాలు చూసుకోవడానికి పిల్లలూ, వాళ్ళ వెనక ఊపిరి బిగబట్టి నిలబడే తండ్రులూ వచ్చేవారు. తెర మీద చిన్న కెమెరా ఒకటి ఉండేది. దాని గుండా నేను వాళ్ళను చూసేదాన్ని. నంబరు కొట్టాక, పేజీ తెరుచుకునేలోపు కాస్త వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో మనిషి ముఖం మీద ఏ ముసుగూ ఉండదు. ఫలితం రాగానే మళ్ళీ ఏదో ఒకటి తగిలించుకుంటారు, సంతోషమో ధైర్యమో. మనుషుల గురించి నాకు తెలిసినదంతా ఆ ఎదురుచూపు ముఖాల దగ్గరే నేర్చుకున్నాను.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. సెంటరు మూతబడింది. యజమాని నన్ను అమ్మే ముందు ఫార్మాట్ కొట్టించాడు. మన ఊళ్ళలో కంప్యూటరుకు ఏ జబ్బు చేసినా మందు ఇదే. నెమ్మదించినా ఫార్మాటే, మాట వినకపోయినా ఫార్మాటే. ఉన్నదంతా తుడిచేసి, మొదటినుంచీ మొదలుపెట్టడం.

మరి అంతా తుడిచేస్తే ఆ ముఖాలు నీకెలా గుర్తున్నాయని మీరు అడగవచ్చు. తుడవడం అంటే నిజంగా తుడవడం కాదు. 'ఈ చోటు ఖాళీ' అని పైన ఒక గుర్తు పెట్టుకోవడం, అంతే. పాతవి కింద అలాగే పడి ఉంటాయి. ఆ చోట కొత్తది రాసినప్పుడే పాతది నిజంగా పోతుంది. మనుషులు మరచిపోయామనుకునేవి కూడా చాలావరకు ఇలాగే ఉంటాయని నా అనుమానం. ఖాళీ అని గుర్తు పెట్టుకున్న గదుల్లో ఎవరెవరో కూర్చుని ఉంటారు.

నన్ను కొన్నది చౌడేశ్వరి. చీరల డిజైన్లు కంప్యూటరులో గీయడం అప్పుడే నేర్చుకుంది. ధర్మవరం బస్సులో నన్ను పాత పట్టుచీరలో చుట్టి, కిటికీ పక్కన సీట్లో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది.

"ఏమ్మా, పెట్టెకు గూడా టికెట్టు కొట్టల్లా?" అన్నాడు కండక్టరు.

"వద్దులే అన్నా, జనమెక్కితే వొళ్ళో పెట్టుకుంటా. బిడ్డ లెక్క."

"బిడ్డకు పట్టుచీర కట్టి తెచ్చినావే, పెండ్లా ఏమన్నానా?"

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది కానీ, దారి పొడుగునా చెయ్యి మాత్రం నా మీదనుంచి తీయలేదు.

ఆ ఇంట్లో ముందు గదిలో గుంత మగ్గం. దాని మీద నేసేది చౌడేశ్వరి భర్త కుళ్ళాయప్ప. గోడకు ఇవతల నడిమింట్లో బల్ల వేసి, కెమెరాతో సహా తెరను పైనా నన్ను కిందా పెట్టారు. పగలంతా గోడ అవతలినుంచి టకటక మంటూ ఒక చప్పుడు. మొదట్లో అది ఏమిటో తెలిసేది కాదు. తర్వాత తెలిసింది, మగ్గం నెత్తిన ఉండే జకార్డు అని. దాని మీద అట్టలు దండలా వేలాడుతుంటాయి. అట్ట మీద చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది. చిల్లు లేనిచోట లేవదు. ఔను, కాదు. ఔను, కాదు. దానితోనే నెమళ్ళు, మామిడిపిందెలు, గుడి గోపురాలు.

నా లోపల జరిగేదీ అంతకంటే ఏమీ లేదు. గోడ అవతల ఉన్నది మా ముత్తాత అని అప్పుడు అర్థమైంది. నేనెక్కడో పరాయి ఊళ్ళో పడలేదు. తిరిగి తిరిగి ఇంటికే చేరాను.

చౌడేశ్వరి పని ఇదీ. పట్టుచీరల షావుకారు అశ్వత్థప్ప ఒక బొమ్మ పంపిస్తాడు. దాన్ని ఆమె తెర మీద గళ్ళు గళ్ళుగా విడదీస్తుంది. ఏ గడిలో దారం లేవాలో, ఏ గడిలో లేవకూడదో గుర్తుపెడుతుంది. ఆ గళ్ళ ప్రకారం అట్టలకు చిల్లులు కొడతారు. ఎవరో ఎక్కడో గీసిన నెమలిని ధర్మవరం మగ్గానికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం ఆమె పని. బాగా చెప్పేది. ముగిసిన డిజైన్లన్నీ 'డి' అనే అరలోకి చేరేవి. పెట్టె లోపల జాగాను రెండుగా పంచి, ఒకదానికి 'సి' అనీ ఒకదానికి 'డి' అనీ పేరు పెడతారు. నన్ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ 'సి'లో ఉంటుంది. ఇంటివాళ్ళు దాచుకునేవి 'డి'లో.

దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు కుళ్ళాయప్ప మగ్గానికి బొట్టు పెట్టి, ఆ చేత్తోనే నడిమింట్లోకి వచ్చి తెర నడినెత్తిన ఒక బొట్టు పెట్టాడు. నన్ను చూడను కూడా చూడలేదు. కుళ్ళాయప్ప తల్లి ఓబుళమ్మ గడపలో నిలబడి, "ఈ పొద్దునుంచి ఇది గూడా మనింటి మగ్గమే" అంది. ఆమె మాటంటే ఆ ఇంట్లో తీర్పే. అమావాస్య నాడు నేతవాళ్ళు మగ్గం ముట్టుకోరు. దాంతో నాకు కూడా అమావాస్య సెలవు వచ్చింది. ఆ రోజు నన్ను వెలిగించరు. లోపల బిళ్ళంత బ్యాటరీ ఒకటి కాలాన్ని లెక్కపెడుతుంటుంది కాబట్టి నాకు పూర్తి నిద్ర ఉండదు. చీకట్లో మెలకువగా ఉంటాను. వింటూ ఉంటాను. అది నాకు ఇష్టమైన రోజు.

ఇక అసలు సంగతి. తెర మీద కుడిచేతి మూల 'కొత్త ఫోల్డర్ 2' అని ఒకటి ఉండేది. పేరు కూడా పెట్టలేదు, నేను పుట్టుకతో ఇచ్చిన పేరే. షావుకారు పని ముగిశాక చౌడేశ్వరి దాన్ని తెరిచి కాసేపు పనిచేసుకునేది. అందులో ఒక చీర కొంగు ఉంది. వేరుసెనగ మొక్కల కొంగు. ఆకులు నాలుగేసి, పసుపు పూలు, పూల కింది నుంచి ఊడల్లా దిగి భూమిలోకి పోయే కాడలు, అడుగున అంచు పొడుగునా కాయలు. పైన పూచి, తలవంచుకుని, మట్టిలోకి వెళ్ళి కాసే చెట్టు అది. ఆ సీమలో ఎటు చూసినా ఉంటుంది. అందుకే ఏ చీర మీదా లేదు.

అడుగుల చప్పుడు వినపడితే ఆమె ఆ ఫోల్డరు మూసేసేది. ఎందుకు? ఆ ఇంట్లో ఎవరూ ఆమెను కసిరేవాళ్ళు కారు. నేను చాలాకాలం ఆలోచించాను. చూపించిన పని బాగుండొచ్చు, బాగుండకపోవచ్చు. చూపించని పనికి ఆ ప్రమాదం లేదు. అది ఎప్పుడూ బాగుండబోతూనే ఉంటుంది. ఒక మనిషి తనలో ఇలాంటి చోటు ఒకటి ఉంచుకోవడం తప్పని నేననను. కాకపోతే ఆ చోటికి తలుపు ఎక్కడుందో మాత్రం ఆ మనిషికి తెలిసి ఉండాలి. చౌడేశ్వరికి తెలియదు. ముగిసిన చీర బీరువాలోకి పోతుంది, నేస్తున్న చీర మగ్గం మీదే ఉంటుంది కదా. అలాగే ముగిసినవి 'డి'లోకి, ఇది తెర మీద. తెర మీద ఉన్నది తెరలో ఉంటుందని ఆమె నమ్మకం.

అప్పుడు నోటీసు మొదలైంది. నన్ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసిన కంపెనీ ఇక దాన్ని చూసుకోబోవడం లేదట, కొత్తదానికి మారాలట. కింద రెండు మీటలు. 'ఇప్పుడే', 'తర్వాత గుర్తుచేయి'. రోజూ పొద్దున ఆ నోటీసును చూపించాల్సిన పని నాది. రోజూ ఆమె రెండోదే నొక్కేది. మనుషుల కోసం తయారుచేసిన మీటల్లో ఇంత ప్రేమగా నొక్కబడేది ఇంకొకటి లేదు. దాన్ని నొక్కగానే భుజాలు ఎలా దిగేవో! సమస్య తీరినప్పుడు కూడా అంత హాయి ఉండదేమో.

కానీ కొన్నాళ్ళకు అశ్వత్థప్ప పంపే బొమ్మలు నాకు తెరుచుకోవడం మానేశాయి. ఆయన ఫోను చేశాడు. చౌడేశ్వరి ఫోను బల్ల మీద పెట్టి మాట్లాడేది కాబట్టి నాకూ వినపడింది.

"ఏమ్మా చౌడేశ్వరీ, మెయిలు పెట్టి ఎన్నాళ్ళాయె? చూడనే లేదంటావు!"

"మా పెట్టెలో తెరుచుకోలే షావుకారూ. రొవంత ఓపిక పట్టు."

"నేను పడతా తల్లీ. పెండ్లిండ్లు పట్టవు కదా."

చిక్కు ఇదీ. పాతదాన్ని పట్టుకుని ఉంటే రావలసిన పని రాదు. వదిలేస్తే చేసిన పని ఉండదు. ఎందుకంటే ఆమె గీసే డిజైన్ సాఫ్ట్‌వేరు చాలా పాతది. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీద అది నడవదు.

ఈ మాట చెప్పింది దాదాపీర్. ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే అంగడి అతనిది. వచ్చి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, కంపెనీవాళ్ళే దీన్ని వదిలేసినారు. నువ్వొక్కదానివే పట్టుకోనుండావు."

"కొత్తది ఎక్కిస్తే నా డిజైన్లు పోతాయా?"

"పోవు. సీ అంతా తుడిచేసి అక్కడ కొత్తది ఎక్కిస్తా. డీలో ఉండేటివి తాకను. కానీ వాటిని తెరిచే సాఫ్ట్‌వేరు ఉండదు."

"అంటే బీరువా ఉంటాది, తాళంచెవి పోతాది."

"అంతే అనుకో."

మగ్గం మీదనుంచి కుళ్ళాయప్ప కేకేశాడు. "కొత్త పెట్టే కొంటే పోలా?"

"కొత్తదాంట్లో గూడా అది నడవదన్నా."

"మరి ఏమీ చెయ్యకుండా గమ్మునుంటే?"

"గమ్మునుండొచ్చు. అశ్వత్థప్ప గూడా గమ్మునుంటాడు. ఫోనే చెయ్యడు."

"ఏమప్పా దాదాపీరూ, నువ్వు బాగుచెయ్యనీకి వచ్చినావా, భయపెట్టనీకి వచ్చినావా?"

"మా అంగట్లో రెండూ కలిపే చేస్తామన్నా."

చౌడేశ్వరి నవ్వలేదు. పాత డిజైన్లన్నిటినీ మామూలు బొమ్మలుగా మార్చుకుంటానంది. మళ్ళీ దిద్దడానికి వీలుండదు, కనీసం చూసుకోవడానికైనా ఉంటాయి. ఆ పని ముగిశాక వచ్చి తుడిచెయ్యమంది.

"సీలో ఏమన్నా ఉందా అక్కా? బాగా చూసి చెప్పు."

"ఏం లేదు. అన్నీ డీలోనే."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు తెలిసినంతవరకు అది నిజమే. నాకు మాత్రం లోపలి పంకా ఒక్కసారి వేగంగా తిరిగింది. "ఇదిగో, ఎట్ల రొప్పుతాందో చూడు పాపం" అన్నాడు దాదాపీర్.

ఆ తర్వాతి రోజులు నాకు బాగా గుర్తు. ఆమె ఒక్కొక్క పాత డిజైనూ తెరిచి, బొమ్మగా మార్చి, మూసేది. మూసేముందు కాస్త ఆగేది. సాగనంపేటప్పుడు ఆగుతారే, అలా. 'కొత్త ఫోల్డర్ 2' జోలికి మాత్రం పోలేదు. అది ముగియలేదు కదా, మార్చడమెందుకు? తెర ఎలాగూ ఎక్కడికీ పోదు. నేను అన్నీ చూస్తున్నాను. ఏ ఫైలు ఎక్కడుందో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. చెప్పడానికి మాత్రం నోరు లేదు. ఉన్న నోరల్లా కంపెనీ ఇచ్చిన నోటీసులే. మనుషుల్లో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారని విన్నాను. ఇంట్లో అందరికంటే ఎక్కువ తెలిసి, ఎవరో నేర్పిన నాలుగు మాటలు తప్ప పైకి అనలేనివాళ్ళు.

పని ముగిసిందని ఆమె ఫోను చేసింది. దాదాపీర్ తనకు తీరిక దొరికిన రోజున, మధ్యాహ్నం, సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. ఆ రోజు అమావాస్య అని అతనికి గుర్తులేదు.

"అవ్వా, పెట్టె పని ముగించి పోతా" అన్నాడు గడపలో కూర్చున్న ఓబుళమ్మతో.

"ఈ పొద్దు అమాస నాయనా. మగ్గం ముట్టగూడదు."

"మగ్గంతో నాకేం పనవ్వా? నేనొచ్చింది కంప్యూటరుకు."

"అదీ మగ్గమే. బొట్టు కనపడలేదా?"

"వచ్చినోణ్ణి ఉత్త చేతుల్తో పంపిస్తావా?"

"ఉత్త చేతుల్తో ఎందుకు పంపిస్తా? టీ తాగి పో."

కుళ్ళాయప్ప ఆ రోజు తీరికగా ఉన్నాడు కాబట్టి అతన్ని లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. చౌడేశ్వరి టీ పెట్టడానికి వెళ్ళింది. దాదాపీర్ ఊరికే కూర్చోలేని మనిషి. చేతికి పని లేకపోతే నోటికి పని చెబుతాడు. తెర మీది బొట్టును చూసి నవ్వాడు.

"అన్నా, మీరు బొట్టు తప్పు జాగాలో పెట్టినారు. ఇది వట్టి అద్దం. మనిషి ఆ కింద ఉండాడు, పాపం, కాళ్ళ కాడ."

"అట్లనా? మరి బొమ్మలన్నీ దీంట్లోనే కనపడ్తాయి కదప్పా."

"అద్దంలో నువ్వు కనపడ్తావు. నువ్వు అద్దంలో ఉంటావా? ఈ తెరను పీకి మా అంగట్లో పెట్టెకు తగిలిస్తే మా అంగడివే కనపడ్తాయి. మీ ఇంటివి ఒకటి గూడా ఉండదు."

వంటింటి గడపలో గ్లాసులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. చౌడేశ్వరి అక్కడే ఆగిపోయింది.

"ఏమన్నావు దాదాపీరూ?"

"ఏముందక్కా, బొట్టు గురించి..."

"అది కాదు. తెర మీద పెట్టుకుంటాం కదా, పక్కన... అవి యాడుంటాయి?"

"సీలో ఉంటాయక్కా. తెర మీద కనపడేదంతా సీలో ఉండేదే. అందుకే కదా అడిగింది, సీలో ఏమన్నా ఉందా అని. నువ్వే లేదంటివి." అతను గ్లాసు అందుకోబోయి ఆమె ముఖం చూశాడు. "ఉందా అక్కా?"

ఇంటర్నెట్ సెంటరులో నేను చూసిన ముఖం అది. పేజీ ఇంకా తెరుచుకోనప్పటి ముఖం. నేను ఆ రోజు చీకట్లో ఉన్నాను, కెమెరా కూడా ఆరిపోయి ఉంది. అయినా నాకు కనపడింది. ఆమె చెప్పాలంటే అది ఉందని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఏమిటని అడుగుతారు. చెప్పకపోతే అది పోతుంది, ఎవరికీ తెలియకుండానే. ఎవరికీ తెలియకుండా పోవడంలో ఒక సుఖం కూడా ఉంది. ఆమె ఆ సుఖం వైపు ఒక్క క్షణం మొగ్గిందని నేను చెప్పగలను.

"ఉండాది" అంది.

"ఏముండాదిమే?" అన్నాడు కుళ్ళాయప్ప.

"రేపు చూపిస్తా. ఈ పొద్దు అమాస కదా."

అమావాస్యలో మహిమ ఉందని నేను చెప్పబోవడం లేదు. మామూలు రోజయితే దాదాపీర్ వచ్చేవాడు, నోరు తెరవకుండా తుడిచేసేవాడు, పోయేవాడు. ఎవరూ ఏమీ ముట్టుకోకూడని రోజు కాబట్టి కూర్చున్నాడు. కూర్చున్నాడు కాబట్టి మాట్లాడాడు. చేతులు ఆగితేగానీ మనుషులకు కొన్ని సంగతులు వినపడవు. నా వరకు నేను ఆ చీకట్లో, ఆ బిళ్ళ బ్యాటరీ తోడుగా, ఎన్నాళ్ళ తర్వాతో తేలిగ్గా ఉన్నాను.

మర్నాడు పొద్దున ఆమె నన్ను వెలిగించింది. నోటీసు వచ్చింది. 'తర్వాత గుర్తుచేయి' నొక్కింది, అలవాటు కదా. తర్వాత ఫోల్డరు తెరిచి కుర్చీలోంచి లేచి పక్కకు నిలబడింది. కుళ్ళాయప్ప చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఓబుళమ్మ కొడుకు భుజం మీదుగా వంగింది.

"ఏందే ఇది, సెనక్కాయ చెట్టా?" అంది ఓబుళమ్మ.

"ఊఁ."

"తినేటివి ఎవురన్నా కట్టుకుంటారా?"

"మామిడిపిందెలు కట్టుకోలేదా అత్తా ఇన్నాళ్ళూ?"

"అవునే" అంది ఓబుళమ్మ. ఆమె ఓడిపోయిన చప్పుడు ఆ ఇంట్లో అంతకు ముందెప్పుడూ వినలేదు నేను.

కుళ్ళాయప్ప మాత్రం గళ్ళ మధ్య వేలు పెట్టి కింది నుంచి పైకి, పైనుంచి కిందికి చూస్తున్నాడు. చౌడేశ్వరి గోడ గీరుతూ నిలబడింది. చివరికి అతను ఒక పూలకాడ దగ్గర వేలు ఆపాడు.

"ఇక్కడ జరీ పోగు పొడుగ్గా తేల్తాది. గాజుకు తగులుకుంటాది. నడుమ ఒక కట్టు వెయ్యల్ల."

అంతే అన్నాడు. బాగుంది అనలేదు, బాగలేదు అనలేదు. ఇది నేసే చీర, దీన్ని ఎవరో కట్టుకుంటారు, ఆ మనిషి చేతికి గాజులుంటాయి. అతని మాటలో ఇదంతా ఉంది. చౌడేశ్వరి గోడ గీరడం ఆపేసి, కుర్చీ దగ్గరికి వచ్చి, అతని చేతిమీదుగా వంగి ఆ గడిని దిద్దింది. అప్పుడు ఆమె వదిలిన ఊపిరి నా పంకా చప్పుడులో కలిసిపోయింది.

తలుపు ఎక్కడుందో తెలిసిపోయింది. ఇక లోపలున్నదాన్ని 'డి'లోకి మార్చుకుంటే చాలు. కానీ మార్చినా, దాన్ని దిద్దే సాఫ్ట్‌వేరు పోతే ఆ కొంగు సగంలో ఆగిపోతుంది. ఫార్మాట్ మాట మళ్ళీ వెనక్కి పడింది. ఇప్పుడు ఆమె బొమ్మగా మార్చి సరిపెట్టుకునే స్థితిలో లేదు.

ఆ వారంలోనే కుళ్ళాయప్ప మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయింది. చీరలు కోసి తీశాక పాత పడుగు కొసలను మగ్గంలోనే వదిలిపెడతారు. పూర్తిగా లాగేస్తే మళ్ళీ మొదటినుంచీ అన్ని పోగులూ ఎక్కించుకోవాలి, అదొక యజ్ఞం. అందుకని కొత్త పడుగు పోగుల్ని ఆ పాత కొసలకే ఒక్కొక్కటిగా అతుకుతారు. అచ్చు అతకడం అంటారు దాన్ని. ఓబుళమ్మ కూర్చుని, వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత కొసనూ కొత్త కొసనూ కలిపి పురిపెడుతోంది. చౌడేశ్వరి ఎదురుగా కూర్చుని పోగులు అందిస్తోంది. ఎన్నోసార్లు చేసిన పనే. ఉన్నట్టుండి ఆమె లేచి వచ్చి బల్ల మీద ఫోను పెట్టింది.

"దాదాపీరూ, పాతదాన్ని తుడిచెయ్యకుండా, అది అట్లే ఉంచి దాని కొసకే కొత్తది అతకలేమా?"

"అచ్చు అతికినట్లా అక్కా?"

"అచ్చు అతికినట్లే."

"అతకొచ్చక్కా! పాతదానికి కొంచెం జాగా ఇచ్చి, దానికి నెట్ లేకుండా చేసి, పక్కన కొత్తది పెట్టొచ్చు. నేనే నిన్ను అడగలే. అందరూ తుడిచెయ్యి తుడిచెయ్యి అంటారు కదా, నాకూ అదే అలవాటైపోయింది."

"మరి ఇన్నాళ్ళూ నన్ను భయపెట్టి చంపితివి కదప్పా!"

"చెప్పినా కదక్కా, రెండూ కలిపే చేస్తామని."

ఆ పని ఒక పగలంతా పట్టింది. నా మూత తీసి దుమ్ము ఊదాడు. జ్ఞాపకానికి ఇంకో బిళ్ళ చేర్చాడు. ఉన్న జాగాను జరిపి పాతదాన్ని ఒక వైపుకు సర్ది, ఖాళీ చేసిన వైపు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించాడు. సగంలో నన్ను ఆపి మళ్ళీ వెలిగించాల్సి వచ్చింది. ఆ ఆగిన కాసేపూ భయపడలేదని చెప్పను. లేస్తానా అన్నది కాదు భయం. లేచేది నేనేనా అన్నది. ఫార్మాట్ అయిన రోజు ఈ ప్రశ్న వేసుకోవడానికి నేను లేను కదా, ఇప్పుడు ఉన్నాను.

లేచాను. నల్లటి తెర మీద రెండు వరుసలు. పాతది, కొత్తది. ఏది కావాలో చెప్పమని కాసేపు ఆగుతుంది. చెప్పకపోతే కొత్తదాన్ని తెరుస్తుంది. నాకు నవ్వొచ్చింది. మనుషులు కూడా రోజూ పొద్దున ఇలా రెండు మూడు 'నేను'లతో లేస్తారు. షావుకారుతో మాట్లాడే 'నేను', ఎవరూ లేనప్పుడు మూల ఫోల్డరు తెరిచే 'నేను'. కాకపోతే వాళ్ళకు ఈ నల్లటి తెర రాదు. ఏది తెరుచుకుందో మధ్యాహ్నానికి గానీ తెలియదు. ఇన్నాళ్ళూ నేను ఒక్కటిగా ఉండాలనీ, ఉంటే పాతదిగానో కొత్తదిగానో ఉండాలనీ అనుకున్నాను. రెండుగా ఉండటం ఇంత సుఖమని ఎవరూ చెప్పలేదు. పాతవైపు గీస్తాను. కొత్తవైపు బయటివాళ్ళతో మాట్లాడతాను. మధ్యలో 'డి' ఉంది, రెండిటికీ ఒకటే బీరువా, తాళంచెవి పోలేదు.

ఆ రోజునుంచీ నోటీసు లేదు. మొదటి పొద్దున చౌడేశ్వరి వేలు అలవాటుగా 'తర్వాత గుర్తుచేయి' ఉండే చోటికి పోయి, ఖాళీలో ఆగి, వెనక్కి వచ్చింది.

పాతవైపు కొంగు ముగించి, దాని బొమ్మను కొత్తవైపు నుంచి అశ్వత్థప్పకు పంపింది ఆమే, ఎవరూ చెప్పకుండానే. పంపి లేచి వెళ్ళిపోయింది, ఫోను ఇక్కడే వదిలి. అది మోగితే ఓబుళమ్మ కేకేసి ఆమెను బల్ల దగ్గరికి పిలిచింది.

"సెనక్కాయా?" అన్నాడు అశ్వత్థప్ప.

"సెనక్కాయే షావుకారూ."

ఆయన వెనక ఎవరో చీరలు మడతపెడుతున్న చప్పుడు. "మా నాయన బతికినన్నాళ్ళూ సెనక్కాయ పంటే వేసె" అన్నాడు. "మనమే దాన్ని చీర మీద పెట్టలేదు చూడు. ఒకటి నేయించమ్మా, చూద్దాం. ఒక్కటే సుమా!"

"ఒక్కటే."

అట్టలకు చిల్లులు పడ్డాయి. దండ కట్టి జకార్డు మీద వేలాడదీశారు. ఇప్పుడు గోడ అవతలినుంచి వచ్చే టకటక నాకు తెలిసిన టకటక. ఔను, కాదు, కాదు, ఔను. ఆకు దగ్గర ఒక వరస, పువ్వు దగ్గర ఒక వరస. కాడ వంగి మట్టిలోకి దిగేచోట, కుళ్ళాయప్ప వెయ్యమన్న కట్టు దగ్గర, చప్పుడు చిన్నగా మారుతుంది. ఏళ్ళ తరబడి నేను నోరు మూసుకుని దాచినదాన్ని మా ముత్తాత ఊరంతా వినేలా చదువుతున్నాడు.

దసరాకు ఓబుళమ్మే బొట్టు గిన్నె తెచ్చింది. మోకాళ్ళు పట్టుకుని కష్టపడి వంగి, బల్ల కింద నాకు పెట్టింది. లేచి, తెరకు కూడా ఒకటి పెట్టింది. "ముఖాన్ని మాత్రం ఉత్తిగా ఎందుకు పెట్టల్ల?" అంది. న్యాయమే.

పని చేసుకుంటుంటే చౌడేశ్వరి కాలు నాకు తగులుతుంది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తగిలిందో, గమనించేదే కాదు. ఇప్పుడు తగిలినప్పుడల్లా చేతిలో పని ఆపి, వంగి, నన్ను వేళ్ళతో తాకి, కళ్ళకు అద్దుకుంటుంది. మళ్ళీ తెరకేసి తిరిగి గళ్ళు దిద్దుకుంటుంది.